అపాచీ అనగా ఎవరు?

అమరకోశమును గురుముఖమున చదివినవారికి మూడవ కాండములోని నానార్థవర్గము గుర్తుండును. ‘హరి’ అను ఒక్క శబ్దమునకు విష్ణువు, ఇంద్రుడు, యముడు, వాయువు, సూర్యుడు, చంద్రుడు, సింహము, గుఱ్ఱము, చిలుక, పాము, కోతి, కప్ప మొదలైన అర్థములు అచ్చట చెప్పబడినవి. ఒక శబ్దము ఇందఱిని మోయుట భాషకు బరువు కాదు. అది దాని బలము. పింగళి సూరన ఆ బలమును నమ్ముకొనియే ‘రాఘవపాండవీయము’న ఒకే పద్యములతో రామకథను, భారతకథను నడిపెను. అయితే శ్లేషకు ఒక నియమమున్నది. కవి రెండర్థములను ఒక్కసారిగా మనసున నిలుపుకొనవలెను. ఒకదానిని చెప్పుచు రెండవదానిని మఱచినచో శ్లేష నిలువదు.

నేడు లోకమున నానార్థములు పుట్టు తీరు వేఱు. ఒక దేశపు సైన్యము తన విమానమునకు ఒక పేరు పెట్టును. ఎచ్చటనో కొందఱు ఇంజనీర్లు అదే పేరును తమ సాఫ్ట్‌వేరునకు పెట్టుకొందురు. మఱియొక ఖండమున ఒక గాయకుడు దానినే తన వేదికానామముగ ధరించును. వీరిలో ఒకరికొకరు సంబంధము లేదు. ఒకరి పనితో మఱియొకరికి పని లేదు. ఆ పేరు మొట్టమొదట ఎవరిదో వారు మాత్రము ఈ సందడిలో ఎవరికిని కనబడరు. ‘అపాచీ’ అను పేరు ఇందుకు మంచి ఉదాహరణము.

ఉపాధ్యాయులు తమ తరగతిలో ఈ మాట పలికి, అర్థమడిగి చూడవచ్చును. ఒక బాలుడు అది మోటారు సైకిలు అనును, టి.వి.ఎస్. కంపెనీవారి బండి మన వీథులన్నింట తిరుగుచున్నది గదా! సైన్యమన్న ఉత్సాహమున్నవాడు హెలికాప్టరు అనును. కంప్యూటరు విద్య నభ్యసించు యువకుడు సర్వరు అనును. పాశ్చాత్య సంగీతము వినువాడు ఒక గాయకుని పేరు చెప్పును. అన్నియు సరియైన సమాధానములే. లోపము సమాధానములలో లేదు, ప్రశ్నలో ఉన్నది. ‘అపాచీ అనగా ఏమి?’ అని మనము అడుగుచున్నాము. ‘అపాచీ అనగా ఎవరు?’ అని అడుగవలెను. మనుష్యులను గుఱించి ఎవరు అనియు, వస్తువులను గుఱించి ఏమి అనియు అడుగుట తెలుగువానికి ఉగ్గుపాలతో వచ్చిన వ్యాకరణము. ఈ పేరు విషయమున ఆ వ్యాకరణమే తలక్రిందులైనది.

అపాచీలు అమెరికా సంయుక్త రాష్ట్రముల నైరుతి భాగపు ఆదిమవాసులు. అరిజోనా, న్యూ మెక్సికో, ఓక్లహోమా రాష్ట్రములలో నేటికిని వారున్నారు. వారు ఒక్క తెగ కాదు. చిరికావా, మెస్కలేరో, హికరియా, లిపాన్, పశ్చిమ అపాచీ మొదలైన పెక్కు శాఖలు కలవు. ఒక్కొక్క శాఖకు తన పలుకుబడి, తన చరిత్ర కలవు. తమ్ము తాము వారు ‘ఇందే’ అని, మాండలికమును బట్టి ఉచ్చారణ కొంచెము మార్చుచు, పిలుచుకొందురు. ఆ మాటకు ‘ప్రజలు’ అని అర్థము. ‘అపాచీ’ అనునది వారు పెట్టుకొన్న పేరు కాదు. పొరుగున నుండు జూనీ తెగవారి భాష నుండి స్పెయిను దేశస్థులు దానిని గ్రహించిరని పెక్కుమంది పండితుల అభిప్రాయము; ‘శత్రువు’ అని దాని అర్థము చెప్పుదురు. 1598వ సంవత్సరమున స్పానిష్ సేనాని ఓన్యాతే వ్రాతలలో ఆ మాట మొదటిసారి కనబడుచున్నది. అనగా ‘ప్రజలు’ అను పేరు గలవారు లోకమునకు ‘శత్రువులు’ అను పేరుతో పరిచయమైరి.

వారి నాయకులలో మిక్కిలి ప్రసిద్ధుడైన జెరోనిమో పేరును అట్టిదే. అతని అసలు పేరు గోయాత్లే. ‘ఆవులించువాడు’ అని దాని అర్థము. జెరోనిమో అని పిలిచినవారు అతనితో పోరాడిన మెక్సికనులు. 1886లో అతనిని పట్టుకొనుటకై అమెరికా ప్రభుత్వము దాదాపు అయిదువేలమంది సైనికులను పంపినది. ఆ యేడు సెప్టెంబరు 4వ తేదీన అరిజోనాలోని స్కెలిటన్ కన్యన్ అను చోట అతడు లొంగిపోవునాటికి స్త్రీలను, పిల్లలను కలుపుకొనినను అతని వెంట నలువదిమంది లేరు. తరువాత చిరికావా అపాచీలను యుద్ధఖైదీలుగ రైళ్లలో ఎక్కించి దూరమైన ఫ్లారిడాకు పంపిరి. అదే సైన్యమునకు దారి చూపి సేవ చేసిన అపాచీ స్కౌట్లకు సైతము ఆ చెఱ తప్పలేదు. ఫ్లారిడా నుండి అలబామాకు, అచ్చటి నుండి ఓక్లహోమాలోని ఫోర్ట్ సిల్‌కు వారిని త్రిప్పిరి. జెరోనిమో 1909లో అచ్చటనే ఖైదీగ మరణించెను. మిగిలినవారికి 1913–14లో గాని విడుదల కలుగలేదు. ఇరువదియేడు సంవత్సరములు ఒక జాతి యుద్ధఖైదీగ నుండినది. చెఱలో పుట్టిన బిడ్డలు చెఱలోనే పెద్దవారైరి.

పేర్లను గుఱించిన వ్యాసమున ఈ జాతి విశేషమొకటి తప్పక చెప్పవలసి ఉన్నది. మానవశాస్త్రవేత్త కీత్ బాసో అరిజోనాలోని సిబెక్యూ గ్రామమున పశ్చిమ అపాచీల నడుమ చాల కాలము పని చేసి, వారి స్థలనామములపై 1996లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆ జనులు ఒక కొండకు గాని, వాగునకు గాని, చెట్ల తోపునకు గాని పేరు పెట్టినచో, ఆ పేరు విన్నంతనే ఆ చోటు కన్నులకు కట్టవలెను. ఒక్కొక్క పేరు వెనుక అచ్చట జరిగిన ఒక కథ ఉండును. యువకుడెవడైన తప్పుదారి పట్టినచో పెద్దలు ఎదుట నిలిచి మందలింపరు. ఆ చోటి పేరుతో మొదలుపెట్టి ఆ కథ చెప్పుదురు. వినువాడు తన తప్పును తానే గ్రహించును. అటు తరువాత ఆ కొండను చూచినప్పుడెల్ల ఆ మాట అతనికి గుర్తు వచ్చును. పేరు వారికి చిరునామా కాదు, గురువు. పేరునకు ఇంత గౌరవమిచ్చు జాతి పేరును ప్రపంచము ఏమి చేసినదో ఇక చూతము.

ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో పారిస్ పత్రికలు నగరపు వీథిరౌడీలను ‘అపాచీలు’ అని వ్రాయ మొదలిడినవి. క్రౌర్యమునకు అది మాఱుపేరైనది. దాదాపు అదే కాలమున మారిస్ రావెల్ అను స్వరకర్తయు, అతని మిత్రులైన సంగీతజ్ఞులు, కవులు, చిత్రకారులును ఒక గోష్ఠిగ ఏర్పడి తమ్ము తాము ‘అపాచీలు’ అని పిలుచుకొనిరి. వీథిలో ఒక పత్రికల కుఱ్ఱవాడు వీరిని ఢీకొని, రౌడీమూక యని కేక వేయగా ఆ పేరు నిలిచినదని చెప్పుదురు. రావెల్ తన ‘మిర్వార్’ అను పియానో కృతిలోని అయిదు భాగములను ఈ గోష్ఠిలోని అయిదుగురికి అంకితమిచ్చెను. సంగీతము ఉత్తమమైనది. కాని ఆ గదిలో పేరు తప్ప అపాచీయము ఏదియు లేదు.

1954లో హాలీవుడ్డున ‘అపాచీ’ అను చిత్రము వచ్చినది. నాయక పాత్ర ధరించిన బర్ట్ లాంకాస్టర్ అపాచీ కాడు. ఆ చిత్రము స్ఫూర్తితో ఇంగ్లండున జెర్రీ లార్డన్ ఒక వాద్యగీతము కూర్చెను. ‘ది షాడోస్’ అను బృందము 1960లో దానిని గిటారులపై వాయించి అచ్చటి జాబితాలలో మొదటి స్థానము నందుకొన్నది. 1973లో ‘ఇన్‌క్రెడిబుల్ బాంగో బ్యాండ్’ అను బృందము అదే గీతమును డోళ్ల మ్రోతతో మఱల రికార్డు చేసినది. ఆ డోళ్ల మ్రోతను న్యూయార్కు నగరపు నల్లజాతి యువకులు తమ రికార్డు యంత్రములపై త్రిప్పి త్రిప్పి హిప్‌హాప్ సంగీతమునకు పునాదిరాయిగ నిలిపిరి. ఇక గాయకుని సంగతి. బర్మింగ్‌హామున పంజాబీ కుటుంబమున 1967లో పుట్టిన స్టీవెన్ కపూర్, ‘వైల్డ్ అపాచీ’ అను బిరుదు గల జమైకా గాయకుడు సూపర్ క్యాట్‌పై అభిమానముచే, ‘అపాచీ ఇండియన్’ అను పేరు ధరించి 1990ల దశకమున లోకప్రసిద్ధుడయ్యెను. ఈ జంట పేరులోని రెండవ మాటయు తమాషాయైనదే. కపూర్ మన దేశపు మూలములు గలవాడు గనుక ఇండియన్. 1492లో సముద్రము దాటిన కొలంబసు తాను మన తూర్పు సీమలకు చేరితినని పొరపడుటచే అమెరికా ఆదిమవాసులును ఇండియనులైరి. ఒక పొరపాటు పేరు ప్రక్కన మఱియొక పరాయి పేరు చేరి గాయకుని బిరుదైనది.

సాఫ్ట్‌వేరు కథ 1995లో మొదలగును. ఇంటర్నెట్టున పుటలను అడిగినవారికి అందించు ప్రోగ్రామును సర్వరు అందురు. అంతకుముందు ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున తయారైన అట్టి ప్రోగ్రామునకు కొందఱు స్వచ్ఛందముగ దిద్దుబాట్లు చేర్చుచు, చివరకు దానికి ‘అపాచీ’ అని పేరిడి విడుదల చేసిరి. ఆంగ్లమున ‘పాచీ’ అనగా అతుకులు వేసినది. ఇది అతుకుల బొంత గనుక ఆ చమత్కారము కుదిరినదని ఒక కథ. అపాచీల యుద్ధనైపుణ్యమునకును, సహనమునకును గౌరవసూచకముగ పెట్టితిమని ఆ సంస్థ చెప్పిన మాట. ప్రపంచమందలి వెబ్ సర్వర్లలో అది చాల యేండ్లు అగ్రస్థానమున నిలిచినది. ఎవరైనను ఉచితముగ వాడుకొనవచ్చు విద్యాదానమది. దానిని నిందింప పని లేదు. అయితే 2023 జనవరిలో ‘నేటివ్స్ ఇన్ టెక్’ అను ఆదిమవాసి సాంకేతికుల సంఘము, పేరు మార్చుకొనుడని బహిరంగముగ కోరినది. ఆ యేడే ఆ సంస్థ తన వార్షిక సమావేశము పేరు నుండి అపాచీ శబ్దమును తొలగించినది. 2025లో తన చిహ్నముగ నున్న పక్షి ఈకను విడిచి ఓక్ ఆకును గ్రహించినది. సంస్థ పేరు, సర్వరు పేరు మాత్రము పోలేదు.

చివరిది విమానము. 1950ల దశకమున పైపర్ కంపెనీ తయారు చేసిన రెండు ఇంజనుల చిన్న విమానమునకు అపాచీ అని పేరు. కాని నేడు ఆ పేరు వినగానే స్ఫురించునది యుద్ధ హెలికాప్టరు. అది 1975 సెప్టెంబరు 30న తొలిసారి ఎగిరినది. అమెరికా సైన్యము తన హెలికాప్టర్లకు ఆదిమవాసి తెగల పేర్లు పెట్టుట సంప్రదాయము చేసికొన్నది. 1969లో ఒక నిబంధనయు వెలువరించినది. సూ, చినూక్, లకోటా అన్నియు ఆ వరుసలోనివే. ఎవరిని అయిదువేలమందితో వెంటాడినదో వారి పేరునే ఆ సైన్యము తన భీకరాయుధమునకు పెట్టుకొన్నది. ఆ హెలికాప్టర్లు కూర్పబడు మీసా నగరము అరిజోనాలోనే ఉన్నది. శాన్ కార్లోస్, వైట్ మౌంటెన్ అపాచీల నివాసభూములును ఆ రాష్ట్రముననే ఉన్నవి.

ఈ కథ మన ముంగిటికిని వచ్చినది. భారత వాయుసేన కొన్న ఇరువదిరెండు అపాచీలలో మొదటివి 2019 సెప్టెంబరు 3న పఠాన్‌కోటలో సేనలో చేరినవి. 2025 జూలైలో మన సైన్యమునకును మొదటి మూడు వచ్చినవి. హైదరాబాదు చెంత ఆదిభట్లలో టాటా, బోయింగ్ సంస్థలు కలిసి నెలకొల్పిన కర్మాగారము 2018 నుండి ఈ హెలికాప్టరు దేహభాగములను తయారు చేసి పంపుచున్నది. 2021లో ఆ లెక్క నూఱు దాటినది. మన పిల్లల చేతిపని ఖండాంతరములు దాటుట గర్వింపదగిన సంగతి. కాని ఆ దేహభాగముపై నిత్యము చేయి వేయుచున్న యువకునికి అపాచీ యను మనుష్యుడొకడున్నాడని ఏ పాఠ్యపుస్తకమైన చెప్పినదా? చెప్పనిచో ఆ లోపము అతనిది కాదు, చదువు చెప్పిన మనది.

ఇందుకు ప్రతివాదము లేకపోలేదు. పేరు గాలి వంటిది, ఎవరైన పీల్చవచ్చునని కొందఱందురు. సామ్యము కేవలము యాదృచ్ఛికమైనచోట అది నిజమే. కృష్ణాతీరపు అమరావతికిని విదర్భలోని అమరావతికిని పేరొకటే. ఒకదానిచే మఱియొకదానికి నష్టము లేదు. శూరుల పేరు పెట్టుట గౌరవించుటయే గదా యని మఱికొందఱందురు. ఇందులోను కొంత నిజమున్నది. అమెరికా సైన్యపు హెలికాప్టర్లను తెగల పెద్దలే వచ్చి ఆశీర్వదించిన సందర్భములున్నవి. సైన్యమున చేరి పోరాడిన ఆదిమవాసి యోధులు తమ పేరు ఆకాశమున ఎగురుట చూచి సంతోషించిన సందర్భములు నున్నవి. అపాచీలు సైతము ‘శాన్ కార్లోస్ అపాచీ తెగ’ వంటి అధికారనామములతో ఆ పరాయి పేరును తమదిగ చేసికొనిరి. కనుక ఈ పేరును ఎల్లచోట్ల తుడిచివేయవలెనని నా వాదము కాదు.

అయితే గౌరవమునకు గుర్తు ఏమి? ఎవరిని గౌరవించుచున్నామో వారిని అడుగుట. అడిగిన పిమ్మట వారు చెప్పినది వినుట. 2011 మే నెలలో పాకిస్తానున బిన్ లాడెన్‌ను హతమార్చిన దాడిలో ‘జెరోనిమో’ అను మాటను సంకేతముగ వాడిరి. ఫోర్ట్ సిల్ అపాచీల నాయకుడు అమెరికా అధ్యక్షునికి నిరసన తెలిపి, క్షమాపణ కోరెను. తమ పితామహుని పేరు ఒక ఉగ్రవాది వేట నడుమ వినబడుట ఆ తెగ బాలబాలికలకు ఎట్లుండును? గౌరవార్థము తీసికొన్న పేరు అవసరమైనప్పుడు శత్రువు పేరుగ సులువుగ మాఱునని ఆ ఒక్క సంఘటన చూపినది. ‘శత్రువు’ అను ఆ పాత అర్థము నాలుగు శతాబ్దములైనను చావలేదు.

ఇది పరాయి జాతి గోడు, మనకేల యని అనుకొనరాదు. మన పేరునకును ఇట్టి కథ ఉన్నది. పోర్చుగీసువారి ‘జెంతియు’ అను మాటకు అన్యమతస్థుడు, అవిశ్వాసి అని అర్థము. దాని నుండి పుట్టిన ‘జెంటూ’ అను శబ్దమును ఆంగ్లేయులు ఒకప్పుడు హిందువులందఱికిని, మదరాసు ప్రాంతమున విశేషించి తెలుగువారికిని వాడిరి. 1816లో క్యాంబెల్ ప్రకటించిన తెలుగు వ్యాకరణపు పేరులోనే ఈ భాషను సామాన్యముగ జెంటూ అందురని ఉన్నది. మఱుసటి యేడు విలియం బ్రౌన్ అచ్చువేసిన వ్యాకరణము సూటిగ ‘జెంటూ భాషా వ్యాకరణమే’. నన్నయ తిక్కనల భాషకు ‘అవిశ్వాసుల పలుకు’ అను ముద్ర! నేడు జెంటూ అనగా లోకమున ఒక పెంగ్విను జాతి స్ఫురించును. వేగముగ ఈదు ఆ పక్షి పేరు పెట్టుకొన్న ఒక కంప్యూటరు వ్యవస్థయు స్ఫురించును. తెలుగువాడు ఎవనికిని స్ఫురింపడు.

ఆ మఱపు మనకు గాయము కాలేదు. కారణమేమి? ‘తెలుగు’ అను మన సొంత పేరు మన నోట, మన గ్రంథములలో, మన బడులలో నిలిచినది. కోట్లమంది నిత్యము పలుకుచుండగా పరాయి పేరు ఊడిపోయినను మనకు లోటు లేదు. అపాచీల స్థితి అది కాదు. చిరికావా పలుకుబడి నెఱిగినవారు నేడు అతి కొద్దిమంది. వారి సొంత పేరు లోకమునకు తెలియదు. తెలిసిన పేరేమో యంత్రములదైనది. బలవంతునికి పేరు పంచుకొనుట వినోదము. బలహీనునికి అది కొన్నిసార్లు పేరు పోగొట్టుకొనుటయే.

ఉపాధ్యాయులు ఇందుకై ఉద్యమములు నడుపనక్కఱలేదు. నానార్థములు చెప్పునప్పుడు మఱి నాలుగు నిమిషములు వెచ్చించిన చాలును. ఒక వస్తువు పేరు నల్లబల్లపై వ్రాసి, ఈ పేరు మొదట ఎవరిది, దానిని ఎవరు పెట్టిరి, వారు తమ్ము తాము ఏమని పిలుచుకొందురు, పేరు తీసికొన్నవారు వారిని అడిగిరా అని నాలుగు ప్రశ్నలు వేయుడు. జవాబుల కొఱకు పిల్లలు పటము తెఱతురు, నిఘంటువు తిరుగవేయుదురు, చరిత్ర పుస్తకము దగ్గఱకు పోదురు. భాష, భూగోళము, చరిత్ర అను మూడు పాఠములును ఒక్క పేరున కలియును. విద్యార్థులారా, మీరును బండి మీద, పెట్టె మీద, తెర మీద కనబడు పేరును ఒక్కసారి ఆగి చదువుడు. దాని వెనుక ఒక ఊరో, ఒక నదియో, ఒక జాతియో ఉండవచ్చును.

సూరన రెండు కథలను మనసున నిలుపుకొని ఒక్క పద్యము చెప్పెను. మనము అంత చేయనక్కఱలేదు. హెలికాప్టరును హెలికాప్టరుగ, సర్వరును సర్వరుగ, పాటను పాటగ మెచ్చుకొనుచు, ఆ పేరు గల మనుష్యులను కూడ గుర్తుంచుకొన్న చాలును. అపాచీ అనగా ఎవరని అడిగినప్పుడు, అరిజోనా కొండలలో ఒక్కొక్క చోటికి ఒక్కొక్క కథ చెప్పి పిల్లలను పెంచు జనులని మన తరగతిలో ఒక్క బాలిక లేచి చెప్పగలిగిన నాడు ఆ పాఠము ఫలించినట్లే.